లైను కుండ, ఇంటి కుండ

పగారు, అంటే జీతం, వచ్చిన రోజున రాయపూర్ గుఢియారీ పేటలో రైల్వే ఇళ్ళ ఆడవాళ్ళు నోట్లు లెక్కపెట్టుకుంటే, వరహాలమ్మ బియ్యం కొలుచుకునేది. డబ్బు లెక్క రాక కాదు. బజారులో కొట్టు సేఠ్ దగ్గర పైసా తేడా వచ్చినా నిలబెట్టి అడగగలదు. రూపాయిని ఎన్ని ముక్కలు చేసినా చివరికి అది గింజగా మారి కుండలో పడాల్సిందే కదా, ఆ కుండనే చూసుకుంటే పోలేదా అని ఆమె వాదం. అందులో తప్పుపట్టడానికేమీ లేదు.

వంటింట్లో గోడవారగా రెండు కుండలు ఉండేవి. మూతికి ఉతికిన తెల్లగుడ్డ కట్టినది లైను కుండ. పగుళ్ళిచ్చిన చెక్కమూత పెట్టినది ఇంటి కుండ. నెల మొదట్లో ముందు లైను కుండ నిండాలి. అది నిండాక చేతిలో మిగిలినదానికి ఏది వస్తే అది ఇంటి కుండలోకి. పప్పూ అంతే, చింతపండూ అంతే, నూనే అంతే. నెలాఖరున తరుగు పడితే అది ఇంటి కుండలోనే పడాలి తప్ప లైను కుండలో పడకూడదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. వరహాలమ్మని చూడ్డానికి ఇల్లంతా అక్కర్లేదు, ఆ మూల చూస్తే చాలు.

ఆమె భర్త భీమారావు గూడ్సుబండి గార్డు. గూడ్సుబండికి వేళాపాళా ఉండదు. స్టేషన్ నుంచి కాల్‌మేన్ సైకిలు మీద వచ్చి కిటికీ కింద పేరు పెట్టి అరిస్తే బయలుదేరడమే. రాయపూర్‌లో ఎక్కితే టిట్లాగఢ్‌లో దిగి, అక్కడ రన్నింగ్ రూంలో తిని, పడుకుని, మళ్ళీ ఏ బండి దొరికితే ఆ బండికి తిరిగొచ్చేవాడు. రన్నింగ్ రూం అంటే గార్డులూ డ్రైవర్లూ సేదతీరడానికి రైల్వేవాళ్ళు కట్టించిన బస. అక్కడ పొయ్యి ఉంటుంది, వంటవాడుంటాడు. గింజలు మాత్రం ఎవరివి వాళ్ళు ఇంటినుంచి మూటగట్టి తెచ్చుకోవాలి. బండి మీద వెళ్ళడాన్ని లైను అంటారు, లైను కుండ ఆ మూటకోసమే. తవ్వెడు బియ్యం, గుప్పెడు కందిపప్పు, నిమ్మకాయంత చింతపండు, నాలుగు ఎండుమిరపకాయలు, పొట్లంలో ఉప్పు, చిన్న సీసాలో నూనె. అలా ఒక ఇంటి తిండి రెండు ఊళ్ళ పొయ్యిల మీద ఉడికేది.

వరహాలమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. పంతొమ్మిది వందల యాభై ఏడులో అత్తగారు అప్పలనరసమ్మ ఆమెని వెంటబెట్టుకొచ్చి కాపురం పెట్టించింది. వెళ్ళేముందు కొత్త కుండలు రెండూ కడిగి బోర్లించి, కోడల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇదిగో పిల్లా, ఇనుకో. మనింట్లో మనం ఏటి తిన్నావో ఎవులూ సూడరు. నీ మొగుడు లైన్లో పదిమంది మగోళ్ళ ఎదర మూట ఇప్పుతాడు. అందుట్లో ముతక గింజ కనబడిందనుకో, ఆడి పరువూ పోతాది, నీ పరువూ పోతాది. లైను కుండలో సన్నబియ్యమే ఉండాల. నువ్వేటి తింటావో అది నీ ఇష్టం."

ఈ మాట అప్పలనరసమ్మ సొంతం కాదు. లైను మీద తిరిగేవాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే శాస్త్రం. కొళాయి దగ్గర నలుగురు చేరితే ఎవరి మూటలో ఏం వెళ్ళిందన్న మాటే. ఒకావిడ మూటలో నెయ్యి పంపితే, ఇంకొకావిడ మర్నాడు జీడిపప్పు పంపేది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత రైల్వే ఇళ్ళను చూసే పుట్టిందేమో. మగవాడు తెల్ల యూనిఫారం వేసుకుని పచ్చజెండా ఊపుతుంటే అందరికీ కనిపిస్తాడు. ఇంట్లో ఈగల మోత ఎవరికీ వినిపించదు.

రాయపూర్ చుట్టుపట్ల పండే బియ్యంలో దూబరాజ్‌ది పెద్దపేరు. సన్నటి గింజ. ఎసట్లో పడితే సందు మొదటిదాకా కమ్మటి వాసన. ధరా అలాగే ఉంటుంది. గుర్మటియా దీనికి పూర్తిగా వ్యతిరేకం. లావుపాటి గింజ, మీద ఎర్రటి చార. వండితే ముద్దగా, కొంచెం తియ్యగా ఉంటుంది. రిక్షా తొక్కేవాళ్ళూ మూటలు మోసేవాళ్ళూ తినే బియ్యం. పొద్దున తింటే సాయంత్రందాకా కడుపు ఆకలి గుర్తుచెయ్యదు. లైను కుండలో దూబరాజ్ పోసింది వరహాలమ్మ. ఇంటి కుండలో గుర్మటియా పోసింది.

భీమారావు జీతం మరీ చిన్నదేమీ కాదు. కానీ సగం మనియార్డరయి బొబ్బిలి వెళ్ళిపోయేది. ఇద్దరు తమ్ముళ్ళ చదువులు, తర్వాత వాళ్ళ కాపురాలు, ముసలమ్మ మందులు. మిగిలిన సగంలో రెండు కుండలూ నిండాలంటే ఒక కుండ తగ్గాలి. ఏ కుండ తగ్గాలో అత్తగారు ముందే చెప్పి వెళ్ళింది కాబట్టి వరహాలమ్మకి ఆ బెంగ లేదు. ఎంత తగ్గించినా కడుపు నిండేలా ఎలా వండుకోవాలన్నదే ఆమె లెక్క. గంజి పారబోసేది కాదు. ఒకసారి నానబెట్టిన చింతపండు పిప్పిని రెండోరోజు చారుకి వాడేది. నెల చివరి వారంలో కందిపప్పు మానేసి, ఇక్కడివాళ్ళు తినే చవక పప్పు తెచ్చుకునేది. ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి అంటారు గానీ, ఆమె ఉన్ననాడూ ఉగాది చేసుకోలేదు.

భర్త ఇంటికొచ్చిన పూట లైను కుండలోంచే తీసి దూబరాజ్ వండిపెట్టేది. అతను తలవంచుకుని, నిద్రకళ్ళతో, మాటా పలుకూ లేకుండా తినేవాడు. పడుకునేవాడు. అతను పడుకున్నాకో, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాకో తనకి వేరే గుర్మటియా వండుకునేది. ఒక్క ఇంట్లో రెండు రకాల అన్నాలేమిటని ఎవరైనా చూసి అడుగుతారని తలుపు దగ్గరగా వేసి, వంటింటి మూల గోడవైపు తిరిగి కూర్చుని తినేది. అడగడానికి ఎవరూ రాలేదనుకోండి. పిల్లలు పుట్టలేదు. అయిదారేళ్ళు మొక్కుకుంది, తర్వాత దేవుణ్ణి విసిగించడం మానేసింది.

పక్కింటి ఫూల్‌బాయి ఛత్తీస్‌గఢీ మనిషి. మంచిదే. పొద్దెక్కాక గోడమీంచి తల పెట్టి "కా సాగ్ రాంధే హస్?" అని అడిగేది, ఏం కూర వండావని. ఆ ఊళ్ళో అది కుశలప్రశ్న. వరహాలమ్మ వచ్చీరాని హిందీలో వంకాయ అనో, పప్పూ బెండకాయా అనో చెప్పేది. పొయ్యి మీద చారు తప్ప మరేమీ ఉండేది కాదు. కొన్ని రోజుల్లో ఆమె నోరు తెరిచి మాట్లాడింది ఆ ఒక్క అబద్ధమే. తెలుగుమాట నోటిదాకా వచ్చి, వినే మనిషి లేక ఆగిపోయేది. క్రమంగా బియ్యంలో రాళ్ళేరుతూ వాటితోనే మాట్లాడ్డం అలవాటైంది. "నువ్వటెల్లు. నువ్విక్కడుండు. నీకేటి తొందర?" అంటూ ఉండేది.

అరవై ఆరులో వానలు లేక ఛత్తీస్‌గఢంతా మలమల మాడిపోయింది. బజారులో బియ్యం కనబడ్డం మానేసింది. రేషన్‌లో ఎర్రగోధుమలిచ్చేవారు. వరహాలమ్మకి రొట్టె చెయ్యడం రాదు. గోధుమలు విసిరి, నూక చేసుకుని, జావ కాచుకుని తాగేది. ఆ ఏడాది ఆమె లైను కుండని నిండుగా ఉంచడానికి ఎన్ని గడపలు తొక్కిందో, ఏ పల్లె నుంచి ఎవరు తట్టలో దాచి తెస్తున్నారో కనుక్కుని ఎంత దూరం నడిచిందో చెబితే నమ్మరు. మూటలో తవ్వెడు సన్నబియ్యం తవ్వెడుగానే వెళ్ళింది. ఒకనాడు భీమారావు బూట్లు వేసుకుంటూ తలెత్తి చూశాడు.

"ఏటే, సన్నబడిపోనావు?"

"ఎండలు కదా" అంది.

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ప్రశ్నని వరహాలమ్మ చాలా ఏళ్ళు దాచుకుంది. అడిగాడు కదా అనుకునేది.

ఆమెకి ఆశంటూ ఉన్నది ఒక్కటే. అతను రిటైరవ్వాలి. రోజూ ఇంట్లో ఉండాలి. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒక్కసారి అన్నం తినాలి. తినేటప్పుడు అతను "ఇంకొంచెం ఎయ్యి" అనాలి. నగలడగలేదు, తీర్థయాత్రలడగలేదు. ఇంత చిన్న కోరికకి ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ రోజు కోసం ఆమె బడ్జెట్ వేసుకోవడం అతని రిటైర్మెంటుకి చాలా ముందే మొదలుపెట్టింది. తమ్ముళ్ళు స్థిరపడ్డాక మిగిలిన డబ్బు ఈ సందులో అద్దెకున్న రెండు గదుల ఇంటినే కొనడానికి పోయింది. ఇక ఉన్నది పెన్షనే. పెన్షన్ అంటే సగం జీతం. సగం జీతంలో రెండు కుండలు కుదరవు. ఒకే కుండ ఉండాలి, అందులో దూబరాజ్ ఉండాలి. అతను ఎదురుగా కూర్చుని సన్నన్నం తింటూంటే తన కంచంలో ఎర్రచార గింజలు కనిపిస్తే ఎంత నామర్దా! అందుకని ఇద్దరికీ సన్నబియ్యమే. దానికోసం టీలో పాలు తగ్గించాలి. నూనె తగ్గించి ఉడకబెట్టిన కూరలు చెయ్యాలి. పైకప్పు మీదకి ఆనపతీగ పాకించాలి. సబ్బు బిళ్ళని రెండు ముక్కలు చెయ్యాలి. ఇన్ని చేసీ ఇంకా ఒక మనిషికి నాలుగు పూటల బియ్యం తక్కువొస్తుంటే, ఏకాదశులు ఉపవాసం ఉంటే సరిపోతుందని లెక్క తేల్చుకుంది. తేలిన రోజున ఆమెకి కూనిరాగం తీయాలనిపించింది.

ఎనభై ఏడులో భీమారావు మెడలో పూలదండతో ఇంటికొచ్చాడు. మర్నాడు వరహాలమ్మ దూబరాజ్ వండింది. పప్పూ, ఆనపకాయ పులుసూ చేసింది. రెండు పీటలు వేసింది, రెండు కంచాలు పెట్టింది. అతనికి వడ్డించి, తను కూర్చోబోయే లోపు పులుసు కావాలేమోనని లేచింది, మంచినీళ్ళకని మళ్ళీ లేచింది. అతను సిగ్నల్ పడిందన్నట్టు గబగబా నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. ఆమె తన కంచం ముందు కూర్చునేసరికి ఎదుటి పీట ఖాళీగా ఉంది.

మొదటిరోజు కదా అనుకుంది. రెండోరోజూ అంతే. రోజురోజుకీ అతని తిండి తగ్గింది. అన్నం కెలుకుతాడు, కిటికీలోంచి కనిపించే గూడ్సుకి పెట్టెలెన్నో లెక్కపెడతాడు, లేచిపోతాడు. ఉప్పు తగ్గించి చూసింది, కారం పెంచి చూసింది. పెన్షన్‌లో ఇంకాస్త గీరి, ఏడాది మాగిన పాత దూబరాజ్ తెచ్చింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, బియ్యం ఎంత మేలైనదైతే అతను అంత తక్కువ తినేవాడు.

ఒకరోజు పొద్దున్నే అడిగాడు.

"ఒక మూట కట్టు."

"ఎక్కడికి?"

"పాపయ్య బాసాకి."

పాపయ్య టిట్లాగఢ్ రన్నింగ్ రూంలో ఏళ్ళ తరబడి వంటవాడు. అతనూ రిటైరై, గుఢియారీ గేటు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బాసా నడుపుతున్నాడు. బాసా అంటే ఆ ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు. కానీ పాపయ్య పద్ధతి వేరు. పాత అలవాటు ప్రకారం ఎవరి గింజలు వాళ్ళు తెచ్చిస్తే వండిపెట్టి కూలి తీసుకునేవాడు. లైను మీద తిరిగే తెలుగువాళ్ళూ, పెళ్ళాం దగ్గర లేని ఫిట్టర్లూ అక్కడ తినేవాళ్ళు.

"ఇంట్లో వండితే తినలేవా?" అంది వరహాలమ్మ.

"తినలేక కాదు. అలవాటు" అన్నాడు భీమారావు, గోడకేసి చూస్తూ.

ఆమె మూట కట్టింది. తవ్వెడు పాత దూబరాజ్, గుప్పెడు పప్పు, చింతపండు. చేతులకి అలవాటైన పని, కళ్ళు తుడుచుకుంటూ కూడా చెయ్యగలదు. ఆ రోజు నుంచి అతను రోజూ మూట పట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నం తిని వచ్చేవాడు. రాత్రికి ఒక గ్లాసు మజ్జిగ తాగి పడుకునేవాడు. ఫూల్‌బాయి గోడమీంచి చూసి, మీ ఆయన్ని రైల్వేవాళ్ళు ఇంకా వదల్లేదా అని నవ్వింది. నవ్వడానికే అన్నా ఆ మాట వరహాలమ్మకి ముల్లులా గుచ్చుకుంది. తన ఒక్కదానికోసం దూబరాజ్ వండుకోవడం దండగ. ఇంటి కుండలో మళ్ళీ గుర్మటియా పోసుకుంది. మళ్ళీ తలుపు దగ్గరగా వేసుకుని, అదే మూల కూర్చుని, గోడవైపు తిరిగి తింది. అతను లైన్లో ఉన్నప్పుడు ఒంటరిగా తినడానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు ఆ కారణం కూడా లేదు. ఇంతకాలం ఎదురుచూసింది దీనికా అని ఏడ్చింది. వంట బాగోలేకపోతే ఆ మాట చెప్పొచ్చు. మనిషే బాగోలేకపోతే ఏం చెబుతాడు? అలా కూడా అనుకుంది.

వానాకాలం చివర్లో ఒకనాడు భీమారావు మూట అరుగు మీదే మర్చిపోయి వెళ్ళాడు. వరహాలమ్మ చూసేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గింజలు లేకపోతే ఏం తింటాడు, అడగడం చేతకాని మనిషి, పస్తుంటాడు. అనుకుందే తడవు కొంగు నెత్తిమీదకి లాక్కుని, మూట పట్టుకుని గేటువైపు నడిచింది. ఆ బాసా ఎక్కడుందో తెలుసు గానీ ఎప్పుడూ అటు వెళ్ళలేదు. మగవాళ్ళు తినేచోటు.

షెడ్డు దగ్గరికి రాగానే ముందు నవ్వు వినిపించింది. తర్వాత గొంతు. ఏదో లెవెల్ క్రాసింగులో గేదె పడుకుని లేవకపోతే బండి ఆపి, డ్రైవరూ తనూ దిగి దాని తోక మెలితిప్పిన కథ. చెబుతున్నది భీమారావు. ఇంత పొడుగు మాట అతని నోట ఉందని ఆమెకి తెలియదు. గుంజ చాటునుంచి చూసింది. ఏడెనిమిది మంది చెక్కపలకల మీద వరసగా కూర్చుని తింటున్నారు. భీమారావు కంచంలో అన్నం కుప్పగా ఉంది. మీద చింతపండు పులుసు, పక్కన ఎండుచేప ముక్క. ముద్ద పెద్దదిగా కలిపి, కథ ఆపి, మింగి, మళ్ళీ కథ చెబుతున్నాడు. కంచంలో అన్నం ముద్దగా ఉంది. గింజ మీద ఎర్రటి చార ఉంది. ఆ గింజని ఆమె చీకట్లో తడిమినా గుర్తుపట్టగలదు.

గంజి పారబొయ్యడానికి బయటికొచ్చిన పాపయ్య ఆమెని చూశాడు.

"గార్డమ్మగోరు కదా? రండమ్మా, ఇలాగొచ్చినారేటి?"

"మూట మర్చిపోనాడు" అంది. తర్వాత అడిగింది, "ఆ బువ్వ ఎవులిది?"

"ఎవులిదేటమ్మా, అందరిదీనూ. మూటకో గిన్నె ఎట్టి వండాలంటే నాకు పది సేతులుండాల. లైన్లోనూ ఇంతే. బళ్ళు నాలుగూ ఒక్కసారే వొచ్చీవి. అందరి బియ్యం ఒకే దేగిశాలో పోసీవోణ్ణి."

"మా సన్నబియ్యమో?"

పాపయ్య నవ్వాడు. పాపం, అతనికేం తెలుసు.

"అది సానామంది తెచ్చీ ముతకబియ్యంలో కలిపితే గంజైపోద్ది కదమ్మా. వేరేగా తీసి ఉంచీవోణ్ణి. జొరవొచ్చినోడికి జావ కాయడానికి, ఇనస్పెట్టరెవుడైనా వొస్తే వండెట్టడానికి. మీ బియ్యం దయవల్ల నాకు మాటొచ్చీది కాదు. గార్డుబాబు సన్నన్నం ముట్టడు కదా. సన్నది తింటే కాంటాబాంజీ టేసను దాటకుండానే ఆకలేస్తాది, నాకు గుర్మటియా ఎట్టు పాపయ్యా అనీవోడు."

"మరి ఇంట్లో సెప్పలేదేటి?"

"మా ఆవిడకి సన్నబియ్యం అంటే పానం, ముతకబియ్యం అడిగితే మనసు కష్టపెట్టుకుంటాది అనీవోడమ్మా. పిలవమంటారా?"

వద్దంది. మూట ఇవ్వకుండానే వెనక్కి తిరిగింది.

పట్టాల పక్క దారిలో నడుస్తూంటే ఆమెకి మొదట కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. పదిమంది ఎదుట మూట విప్పుతాడన్న అత్తగారి మీదా, నవ్విన పాపయ్య మీదా. గోధుమజావ తాగి, కాళ్ళీడ్చుకుంటూ ఊళ్ళు తిరిగి నింపిన కుండ ఎవరో ముక్కూమొహం తెలియని ఇనస్పెక్టర్ల పాలైంది. పోనీలే, జ్వరం వచ్చినవాళ్ళ కడుపులోనైనా పడింది కదా అని సర్దిచెప్పుకోబోయింది. మనసు సర్దుకోలేదు. అసలు బాధ అది కాదు. అక్కడ ఆయనా, ఇక్కడ తనూ, ముప్పై ఏళ్ళు ఒకే బియ్యం తిన్నారు. ఒకే కుండలో వండుకుని ఒకే చోట తినాల్సిన అన్నం. ఒక్కసారి నోరు తెరిచి నీకేం ఇష్టమని ఆయన అడగలేదు. తనూ అడగలేదు. సేరుకి ఎన్ని గింజలో లెక్క తెలిసిన ఇల్లాలు, ఈ ఒక్కటీ తెలుసుకోలేకపోయింది. దారిలో ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుని, ఒక గూడ్సు మొత్తం వెళ్ళేదాకా ఏడ్చింది. ఆ చప్పుడులో ఎవరికీ వినబడదు.

మర్నాడు పొద్దున భీమారావు అరుగు మీద చెప్పులు వేసుకుంటూ మూట కోసం చెయ్యి చాపాడు.

"ఇయ్యాల మూట నేదు. నోపలికొచ్చి కూకో" అంది వరహాలమ్మ.

ఆ గొంతు అతనికి కొత్త. చెప్పులు విడిచి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె ఇంటి కుండలోంచి కొలిచి ఒకే గిన్నెలో వండిన అన్నం వడ్డించింది. చింతపండు పులుసు పోసింది. వేయించిన ఎండు నెత్తళ్ళు పక్కన పెట్టింది. భీమారావు కంచంలోకి చూశాడు. ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, నమలడం ఆపి ఆమెని చూశాడు. మళ్ళీ తిన్నాడు. కిటికీ అవతల గూడ్సు వెళ్ళింది. అతను పెట్టెలు లెక్కపెట్టలేదు. కంచం ఖాళీ అయింది.

"ఇంకొంచెం ఎయ్యి" అన్నాడు.

వడ్డించింది. ఆ మాట విన్నప్పుడు తనకి ఎలా ఉంటుందో ఆమె ఎన్నోసార్లు ఊహించుకుంది. అలా ఏమీ లేదు. గిన్నెలో తనకి సరిపడా మిగిలిందో లేదో మాత్రం చూసుకుంది.

"ఈ బియ్యం ఎప్పుడు కొన్నావు?"

"ఎప్పుడూ కొంటన్నాను. నాను తినీది ఇదే."

"ఎప్పటినుంచి?"

"మీయమ్మ నన్నిక్కడ దిగబెట్టి ఎల్లిన కాణ్ణించి."

భీమారావు చెయ్యి కంచంలో ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నీకు సన్నబియ్యం ఇష్టం అనుకున్నాను."

"నీకిష్టం అనుకున్నాను నాను."

"ఒక్కపాలి సెప్పకపోనావా?"

వరహాలమ్మకి ఈసారి కోపం రాలేదు. కుండలో ఎంత బియ్యం ఉందో చెప్పినట్టే చెప్పింది.

"ఎప్పుడు సెప్పీదాన్ని? నువ్వు తినీటప్పుడు నాను వడ్డించినాను. నాను తినీటప్పుడు నువ్వు బండి మీదున్నావు."

పాపయ్య షెడ్డులో అన్ని కథలు చెప్పే మనిషి, ఎడంచేత్తో రెండో పీటని తన ఎదురుగా లాగాడు.

"నువ్వూ కూకో."

ఆమె కూర్చుంది. కంచంలో అన్నం పెట్టుకుంది, పులుసు పోసుకుంది, ముద్ద కలిపింది. అతను చూస్తున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పెళ్ళయిన నాటినుంచీ ఆమె తింటూండగా ఒక మనిషి చూడ్డం ఇదే మొదటిసారి. నోరెలా తెరవాలో, ఎలా నమలాలో మర్చిపోయినట్టయింది. ముసలితనంలో సిగ్గేమిటని తనని తనే తిట్టుకుంది. అయినా చెయ్యి లేవలేదు. ముద్ద కంచంలో పెట్టేసింది. కోరుకున్నదంతా ఎదురుగా ఉంది. అందుకోవడమే చేతకాలేదు.

"తిను" అన్నాడు భీమారావు.

"నాను తినలేకపోతన్నాను" అంది. కళ్ళలోంచి నీళ్ళు కంచంలో పడ్డాయి. "నువ్వెల్లిపో. నాను తరవాత తింటాను."

అతను వెళ్ళలేదు. ఎంగిలి చేత్తోనే లేచి, పీటని కాలితో జరిపి, గోడవైపు తిప్పి, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు. కంచం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సూడనులే. తిను" అన్నాడు గోడతో.

కాసేపటికి అతను నమిలే చప్పుడు వినబడింది. అప్పుడు వరహాలమ్మ కూడా తిన్నది.